ఎటు తిప్పి గుచ్చినా

పెన్‌డ్రైవ్ గుచ్చబోతే దూరదు. తిప్పి గుచ్చితే అప్పుడూ దూరదు. మళ్లీ తిప్పితే, మొదట పెట్టినట్టే పెట్టినా, ఈసారి దూరిపోతుంది. 1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడిన నాటి నుంచీ ఇదే తంతు.

చూడ్డానికి దాని లోహపు తొడుగు దీర్ఘచతురస్రమే. అరచుట్టు తిప్పినా అదే ఆకారం. కిటుకంతా లోపలుంది: ప్లాస్టిక్ పలక ఒక పక్కకే, దానిమీద నాలుగు పిన్నులూ ఒక ముఖానికే. ఇంటెల్‌లో యూఎస్‌బీ రూపకల్పనకు ముందు నిలిచిన అజయ్ భట్ గుజరాతీ ఇంజినీరు, వడోదరలో చదువుకున్నవాడు. రెండువైపులా పట్టేలా ఎందుకు చేయలేదంటే ఆయన చెప్పిన కారణం ఖర్చు. వైర్లు, సర్క్యూట్లు రెట్టింపవుతాయి. చవకగా ఉంటే తప్ప కొత్త పిన్నును ఎవరూ పెట్టుకోని రోజులవి.

2012లో యాపిల్ లైట్నింగ్ పిన్నును ఎటైనా గుచ్చే వీలుతో తెచ్చింది. 2014 ఆగస్టులో టైప్-సీ ప్రమాణం వచ్చింది. 2023లో ఐఫోన్ కూడా అందులోకి మారింది. 2024 డిసెంబర్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా అమ్మే ఫోన్లకు అదే తప్పనిసరి.

దుకాణంలో అందరూ ‘సీ టైప్’ అని అడిగే ఈ పిన్ను లోపల పనిచేసేది హైస్కూలు రేఖాగణితమే. 180 డిగ్రీల భ్రమణంలో కేంద్రం ఒక్కటే కదలదు. (−3, 1) దగ్గరున్న బిందువు (3, −1)కు వెళుతుంది, రెండు గుర్తులూ మారిపోతాయి. దీన్ని అద్దంలో ప్రతిబింబంతో కలిపేసుకునేవాళ్లు చాలామంది. పేకలో రాజును చూస్తే తేడా తెలుస్తుంది. పై రాజు ఎడమకు చూస్తుంటే కింది రాజు కుడికి చూస్తాడు. అడ్డంగా అద్దం పెడితే ఇద్దరూ ఒకే పక్కకు చూడాలి.

సీ టైప్ రంధ్రంలో 24 పిన్నులు, వరుసకు 12. ఎదురుగా చూస్తే పై వరుసలో ఎడమ నుంచి కుడికి ఏ1 మొదలు ఏ12 దాకా, కింది వరుసలో కుడి నుంచి ఎడమకు బీ1 మొదలు బీ12 దాకా. అరచుట్టు తిప్పితే ఏ1 సరిగ్గా బీ1 చోటికి వస్తుంది. నాలుగు మూలలా గ్రౌండ్, 4, 9 స్థానాల్లో కరెంటు. అందుకే చార్జింగ్‌కు ఏ వైపైనా ఒకటే. ఏ6లో డేటా ప్లస్ ఉంటే దానికి నేరుగా కింద ఉన్నది బీ7, డేటా మైనస్. ప్లస్ ఉన్న బీ6 ఒక గడి పక్కకు, కుడివైపు ఉంటుంది. పేక రాజుల లెక్కే.

అయితే వేగంగా డేటా పంపే జతల దగ్గర ఈ సౌష్ఠవం సగమే ఆదుకుంటుంది. తిప్పితే ఏ2, ఏ3ల జత బీ2, బీ3ల చోటికి పోతుంది. పని ఒకటే అయినా దారి వేరు. కాబట్టి పిన్ను ఎటు దూరిందో పరికరానికి తెలియాలి. అందుకోసం కావాలనే ఒక అసౌష్ఠవం ఉంచారు. అయిదో స్థానంలో ‘సీసీ’ పిన్నులు అటొకటి, ఇటొకటి ఉన్నా, కేబుల్‌లో వాటికి తీగ ఒక్కటే. అది ఏ5ను తాకిందా, బీ5ను తాకిందా అన్నది వోల్టేజీని బట్టి పసిగట్టి, చిప్ డేటా దారిని మారుస్తుంది. కరెంటు తీసుకునే పరికరం ఈ రెండు పిన్నులకూ విడివిడిగా 5.1 కిలో ఓముల రెసిస్టర్ పెట్టుకోవాలి. ఒక్కదానికే పెట్టిన చవక సామాను, రెండు కొసలా సీ టైప్ ఉన్న కేబుల్‌తో ఒకవైపు గుచ్చితేనే చార్జ్ అవుతుంది.

పేరున్నవాళ్లూ ఇక్కడ తడబడ్డారు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులో రెండు సీసీ పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. మామూలు కేబుల్‌తో బాగానే నడిచింది. లోపల చిప్ ఉన్న ఖరీదైన కేబుల్ తగిలిస్తే మాత్రం, చార్జర్ ఆ బోర్డును ఆడియో అడాప్టర్ అనుకుని కరెంటే ఇవ్వలేదు. తర్వాతి కూర్పులో రెండో రెసిస్టర్ చేర్చారు.