చలికాలపు పెరటి తోట: హస్త నుండి విశాఖ వరకు చేయవలసిన పనులు

వికారాబాదు జిల్లాలోని బంట్వారం ప్రాంతపు రైతులకు కంది పంటను గురించి క్రొత్తగా చెప్పనక్కరలేదు. తాండూరు కందిపప్పుకు 2022 లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని పప్పు పండించు ఇంటిలోనే కూరగాయలకు కొరత కనిపించుచున్నది. ఎకరములకొలది భూమి గల రైతు కూడ అంగడి దినమున సంచి పట్టుకొని టమాట, కొత్తిమీర కొనుచున్నాడు. ధర పెరిగిన వారములో ఇంటివారు పప్పుచారుతోను, పచ్చడి మెతుకులతోను సరిపెట్టుకొందురు.

పప్పు మంచి ఆహారమే. దానివలన శరీరమునకు మాంసకృత్తులు లభించును. అయితే ఆకుకూరలు, కూరగాయలు ఇచ్చు ఎ, సి విటమినులు పప్పులో మిక్కిలి తక్కువ. 2019–21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగము మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినది. పిల్లలలో ఈ లోపము ఇంకను ఎక్కువ. రక్తహీనతకు కారణములు అనేకము కలవు. ఆకుకూర ఒక్కటే దానికి మందు కాదు. అయినను రోజూ ఆకుకూర తిని, దానిపై నిమ్మరసము పిండుకొన్నచో, ఆహారములోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. కావున పెరటి తోటను తీరికవేళ వేడుకగా గాక, ఇంటి ఆరోగ్యమునకు సంబంధించిన పనిగా ఎంచవలెను.

ఈ కాలమే ఏల?

హస్త కార్తె సెప్టెంబరు చివర ప్రవేశించును. అప్పటికి వానలు తగ్గుముఖము పట్టును, నేలలో పదను మిగిలియుండును, బావులలో నీరు నిండుగా నుండును. స్వాతి, విశాఖ కార్తెలలో రాత్రులు చల్లబడును. టమాట పూత నిలిచి పిందె కట్టుటకు, క్యాబేజీ గడ్డ కట్టుటకు, క్యారెట్ దుంప ఊరుటకు ఈ చల్లదనము కావలెను. కొత్తిమీర, పాలకూర, మెంతికూర వేసవిలో త్వరగా పూతకు వచ్చి ముదిరిపోవును. చలికాలములో చాల దినములు ఆకు నిచ్చును.

అన్ని కూరలకును ఇది అనుకూలము కాదు. బెండ, బీర, కాకర వేడిని కోరు పైరులు. వీనిని స్వాతిలో విత్తినచో మొలక ఆలస్యమై, మొక్క గిడసబారును. వీనికి ఫిబ్రవరి వరకు ఆగుట మేలు.

చిక్కుడు తీగను గురించి ఒక మాట. తొలకరిలో వేసిన తీగ ఏపుగా ప్రాకి, దసరా వచ్చినను పూయకపోవుట చూచి, గొడ్డు తీగయని పెరికివేయువారు కలరు. ఇది పొరపాటు. నాటు చిక్కుడు, మన దీర్ఘకాలపు కందివలెనే, పగటి ప్రొద్దు తగ్గిన పిమ్మటనే పూతకు వచ్చును. కంది చేను విషయములో ఓపిక పట్టు రైతు, పెరటి చిక్కుడు విషయములో కూడ కార్తికము వరకు ఓపిక పట్టవలెను.

స్థలము, మడులు

అర గుంట స్థలము చాలును. అనగా 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. రోజుకు కనీసము ఆరు గంటలైనను ఎండ తగులవలెను. పొడవునా 3 అడుగుల వెడల్పుగల నాలుగు వరుసలు తీసి, వాని మధ్య అడుగున్నర బాట విడువవలెను. ఒక్కొక్క వరుసను 7 అడుగుల మడులుగా విభజించినచో మొత్తము 16 మడులు వచ్చును. 3 అడుగుల మడిలో ఇరుప్రక్కల నుండి చేయి అందును గనుక లోపల త్రొక్కనక్కరలేదు. త్రొక్కని నేల గుల్లగా నుండి వేరుకు గాలి నిచ్చును.

రేగడి నేలలో నీరు నిలుచును గనుక మడులను అర అడుగు ఎత్తుగా చేయవలెను. చెల్క నేలలో నీరు త్వరగా ఇంకును గనుక మడి నేలమట్టముగా నుండి, చుట్టును చిన్న గట్టు ఉన్న చాలును. మడి ఒక్కింటికి బాగుగా మాగిన పశువుల ఎరువు 5 కిలోలు కలుపవలెను. మాగని పేడ వేసినచో చెదలు, వేరు పురుగులు చేరును.

ఏ మడిలో ఏది?

మొదటి వరుస: పాలకూర, మెంతి, కొత్తిమీర, తోటకూర. మడినంతయు ఒకేసారి విత్తరాదు. సగము నేడు, మిగిలిన సగము 15 దినముల తరువాత విత్తినచో కూర తెగకుండ వచ్చును. ధనియాలను చేతితో నలిపి రెండు బద్దలు చేసి విత్తవలెను.

రెండవ వరుస: టమాట రెండు మడులు, వంగ ఒకటి, మిరప ఒకటి. టమాట, మిరప మడికి 8 మొక్కలు, వంగ 6 మొక్కలు సరిపోవును.

మూడవ వరుస: క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, క్యారెట్. కాలీఫ్లవరులో ముందుకాలపు రకమును ఆలస్యముగా నాటినచో పువ్వు గుండీ అంతయే వచ్చును. కావున విత్తనము కొనునపుడు అది ఏ నెలలో నాటదగినదో అడిగి తీసికొనవలెను. క్యారెట్ మొలచుటకు 10 నుండి 15 దినములు పట్టును. అంతవరకు మడి ఆరిపోకుండ చూడవలెను. ముల్లంగి, క్యారెట్ విత్తనములను మడిలోనే వేయవలెను. నారు పోసి నాటినచో దుంప వంకరలు పోవును.

నాలుగవ వరుస: ఫ్రెంచి చిక్కుడు, బీట్‌రూట్, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ.

వచ్చే ఏడు ఈ వరుసలను మార్చవలెను. టమాట, వంగ, మిరప ఒకే కుటుంబమునకు చెందినవి. వీనిని ఏటేట ఒకే చోట నాటినచో ఎండు తెగులు, వేరు పురుగులు ఆ మట్టిలో పెరుగును.

నారు పెంపకము

టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవరు నారును హస్తలోనే పోయవలెను. నారుమడి అర అడుగు ఎత్తుగా నుండవలెను. విత్తనము ఒత్తుగా పడి, నీరు నిలిచినచో మొలకలు మొదలువద్ద కుళ్ళి పడిపోవును. ఈ నారుకుళ్ళు కనిపించినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మట్టి తడియునట్లు పోయవలెను. టమాట నారుమడిపై పాత దోమతెర కప్పుట మంచిది. తెల్లదోమ వాలినచో ఆకుముడుత తెగులు నారులోనే అంటుకొనును. ఆ తరువాత దానికి చికిత్స లేదు. టమాట, క్యాబేజీ, కాలీఫ్లవరు నారు 25 నుండి 30 దినములకు, వంగ 30 నుండి 35 దినములకు, మిరప 40 దినములకు నాటుటకు వచ్చును. సాయంకాలము నాటి వెంటనే నీరు పోయవలెను.

నీటి లెక్క

ఈ కాలములో మడులకు రోజుకు సుమారు 4 మిల్లీమీటర్ల నీరు అవసరమనుకొందము. 16 మడుల వైశాల్యము సుమారు 32 చదరపు మీటర్లు. అనగా రోజుకు 128 లీటర్లు, 15 లీటర్ల బకెట్లు దాదాపు తొమ్మిది. బియ్యము, కూరలు కడిగిన నీటిని మడులకు వాడవచ్చును. సబ్బు నీటిని మాత్రము ఆకుకూరలకు పోయరాదు. దానిని అరటి, కరివేపాకు చెట్లకు మళ్ళింపవలెను. మొక్కల మధ్య ఎండు ఆకులు గాని కంది పొట్టు గాని పరచినచో నీరు ఆవిరియగుట తగ్గి, బకెట్లు కొన్ని మిగులును.

పురుగులు, మందులు

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ప్రత్తికి, కందికి తెచ్చిన మందు ఇంటిలో మిగిలియున్నదని పెరటి వంకాయలపై చల్లుట పెద్ద తప్పు. ప్రత్తిని ఎవరును తినరు. వంకాయను మరునాడే కోసి వండుకొందురు. మోనోక్రోటోఫాస్ మందును కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005 లోనే ఉత్తరువు చేసినది. ఖాళీ మందు డబ్బాలతో నీరు పోయుట కూడ ప్రమాదమే.

కలుపు మందు కొట్టిన పంపును తోటకు తేరాదు. ఈ పాఠమును నేను నష్టపోయి నేర్చుకొంటిని. మొక్కజొన్నలో కలుపు మందు చల్లిన పంపును ఒకసారి నీటితో తొలిచి, దానితోనే మా పెరటి టమాటలకు వేప కషాయము చల్లితిని. నాలుగు దినములలో ఆకులు మెలిపడి, తీగలవలె సన్నగిల్లినవి. కాయ ఒక్కటియు చేతికి రాలేదు. ఇతరులకు బోధించువాడనై యుండియు నేను చేసిన పొరపాటిది. పెరటికి వేరుగా ఒక చిన్న చేతి పంపు ఉంచుకొనుటయే క్షేమము.

వంగలో తలలు వాలిన కొమ్మలను పురుగుతో సహా త్రుంచి కాల్చివేయవలెను. పేనుబంక ఆకు అడుగున చేరినచో ఆ కొనలను గిల్లివేయవలెను. తగ్గనిచో, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి గుడ్డలో కట్టి నానబెట్టి, ఉదయము పిండి వడకట్టి, కొంచెము సబ్బు కలిపి, సాయంకాలము చల్లవలెను. కోసిన కూరలను బాగుగా కడిగియే వండవలెను.

ఫలితము

పెద్దవారు రోజుకు కనీసము 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. అయిదుగురు పెద్దలున్న ఇంటికి ఇది రెండు కిలోలగును. అర గుంట తోట ఇదంతయు ఈయగలదని చెప్పజాలము. కాని ఆకుకూరకు అంగడి దినము వరకు వేచియుండు అవసరము తప్పును. విషపు మందు లేని టమాట పిల్లలకు దొరకును.

ఈ పనిని ఇంటి ఇల్లాలిపైననే మోపరాదు. మడి త్రవ్వుట, ఎరువు మోయుట, కంచె కట్టుట పురుషులు చేయవలెను. పిల్లలకు చెరి యొక మడి ఒప్పగింపవచ్చును. హస్త ప్రవేశించు నాటికి విత్తనము, ఎరువు సిద్ధము చేసికొనుడు. మొదటి ఏడు 16 మడులు సాధ్యము కానిచో నాలుగింటితో ప్రారంభించుడు. మెంతికూర నెల తిరుగకుండ మీ పళ్ళెములోనికి వచ్చును.