మిల్లీసెకన్లలో తప్పుకోవాలి: విల్లుకు యారో రెస్ట్ ఎంచుకోవడం ఎలా?

జంషెడ్‌పూర్ అంచున, టెల్కో కాలనీని ఆనుకుని ఉన్న గోవింద్‌పూర్ వాసులకు విల్లంబులు కొత్త కాదు. నగరానికి ఉత్తరాన సువర్ణరేఖ నది దాటితే దల్మా కొండలు. ఏటా వేసవిలో సెంద్రా వేట పండుగకు ఆదివాసులు విల్లంబులు పట్టుకుని ఆ కొండలెక్కుతారు. నగరం లోపల 1996 నుంచి టాటా ఆర్చరీ అకాడమీ నడుస్తోంది. కొండకు వెళ్లే వెదురు విల్లునూ, పోటీలకు వెళ్లే విల్లునూ పక్కపక్కన పెడితే ఒక చిన్న తేడా కనిపిస్తుంది. వెదురు విల్లులో బాణం ఆనేది విలుకాడి పిడికిలి మీద. పోటీ విల్లులో పిడికి కాస్త పైన ఒక సన్నని తీగో, రేకో ఉంటుంది. బాణం దాని మీద ఆనుతుంది. అదే యారో రెస్ట్.

ఆన్‌లైన్ దుకాణాల్లో 'వేట విల్లుకు' అంటూ అమ్మే రెస్టులు లెక్కలేనన్ని. కొనేముందు చాలామంది ధర చూస్తారు, కంపెనీ చూస్తారు. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది వేరు: తాడును వేళ్లతో వదులుతారా, రిలీజ్ అనే చేతి పరికరంతోనా? బాణం ఎటు వంగుతుందన్నది దాన్ని బట్టే ఉంటుంది.

అవును, బాణం వంగుతుంది. వేళ్లతో వదిలినప్పుడు తాడు వేలి కొసలను చుట్టుకుంటూ కాస్త పక్కకు జారుతుంది. వెనక నుంచి బలమైన తోపు, ముందు మొన బరువు; మధ్యలో చిక్కిన బాణం ముందు ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు వంగుతూ చేపలా ఈదుకుంటూ విల్లును దాటుతుంది. సంప్రదాయ విల్లులో బాణం కర్ర పక్కన ఉంటుంది కాబట్టి, గురి పెట్టినప్పుడు దాని మొన లక్ష్యానికి కాస్త పక్కకు చూస్తుంది. అయినా బాణం లక్ష్యానికే వెళ్తుంది. 'ఆర్చర్స్ పారడాక్స్' అని పేరుపడిన ఈ చిక్కుముడికి జవాబు ఈ వంపుల్లోనే ఉంది. 1930ల్లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ అతి వేగవంతమైన ఫొటోలతో దీన్ని కళ్లకు కట్టాడు. తోక భాగం పిడిని దాటే క్షణానికి అది విల్లుకు దూరంగా వంగి ఉంటే ఈకలు తగలవు. బాణం బిరుసుతనం అందుకు తగ్గట్టు ఉండాలి. ఆ బిరుసుతనాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద బాణాన్ని పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగే బాణం స్పైన్ 500. ఇది సరిపోకపోతే ఎంత ఖరీదైన రెస్టూ ఏమీ చేయలేదు.

కాబట్టి వేళ్లతో వదిలే రికర్వ్ విల్లుకు పక్కవాటు తోపును సర్దుకునే రెస్ట్ కావాలి. సన్నని తీగ రెస్ట్, దాని పక్కన స్ప్రింగుతో పనిచేసే ప్లంజర్ అనే బొత్తాం. విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ వాడేది రికర్వే. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ విభాగంలో ఆయనతో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన అంకితా భకత్ జంషెడ్‌పూర్ అకాడమీలోనే శిక్షణ పొందారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. అందులో బాణం దాదాపు తాడుకు సూటిగా మధ్యలో ఉంటుంది, తాడును రిలీజ్ వదులుతుంది. పక్కకు వంపు చాలా తక్కువ, ఉన్న కాస్త వంపూ ఎక్కువగా పైకీ కిందికీ. అందుకే కాంపౌండ్‌లో బాణాన్ని కింద నుంచి మోసే రెస్ట్ సరిపోతుంది. పోటీ విల్లుల్లో అది సన్నని స్ప్రింగు రేకు. వేట విల్లుల్లో పేరుమోసినది మాత్రం డ్రాప్ అవే: బాణం కదలగానే కిందికి పడిపోయే రెస్ట్.

ఎంత వేగంగా పడాలో చిన్న లెక్క వేద్దాం. కాంపౌండ్ విల్లులో తాడు బాణాన్ని నెట్టే దూరం అర మీటరుకు కాస్త ఎక్కువ. బాణం సెకనుకు 90 మీటర్ల వేగంతో బయటపడుతుందనుకుంటే, సున్నా నుంచి మొదలైంది కాబట్టి సగటు వేగం సుమారు 45 మీటర్లు. ఆ దూరానికి పట్టేది 12 మిల్లీసెకన్లు. ఇంకో ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఈకలు రెస్ట్ మీదికి వచ్చేస్తాయి. మొత్తం 14 అనుకుందాం. అంతసేపట్లో ఊరికే వదిలేసిన వస్తువు గురుత్వాకర్షణకు పడేది ఒక్క మిల్లీమీటరు లోపే! ప్లాస్టిక్ ఈక ఎత్తేమో సెంటీమీటరుకు అటూ ఇటూ. అందుకే ఏ డ్రాప్ అవే రెస్టూ సొంత బరువు మీద ఆధారపడదు. స్ప్రింగో, విల్లే లాగే దారమో దాన్ని కిందికి లాగాలి. పడ్డాక ఎగిరి మళ్లీ పైకి రాకూడదు కూడా.

ఆ దారాన్ని ఎక్కడ కడతారన్నది కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోరు కానీ, తేడా చాలా ఉంది. ఒక రకంలో దారం విల్లు కేబుల్‌కు ఉంటుంది. తాడు లాగినప్పుడు కేబుల్ కదిలి రెస్టును పైకెత్తుతుంది. దారం తెగితే రెస్ట్ లేవదు, విల్లు ఆ పూటకు పనికిరాదు. రెండో రకంలో దారాన్ని విల్లు కొమ్మకు కడతారు. తాడు లాగితే దారం వదులై, స్ప్రింగు రెస్టును పైకి లేపుతుంది. వదిలితే కొమ్మ దాన్ని కిందికి గుంజుతుంది. ఇందులో దారం తెగినా రెస్ట్ పైనే నిలబడుతుంది. ఈకలు తగలవచ్చు గానీ బాణం మాత్రం వెళ్తుంది. ఒకే ధరలో రెండూ దొరికితే ఈ రెండోదే మేలు.

వాలులో, గాలిలో విల్లు వంచినా బాణం జారకూడదంటే చుట్టూ పీచు ఉన్న వలయం లాంటి రెస్ట్ ఉంది. కదిలే భాగాలు ఉండవు, చెడిపోయేది తక్కువ. కానీ ఈకలు ఆ పీచును రాసుకుంటూ వెళ్లాలి; కాస్త వేగం పోతుంది, మెత్తని ఈకలు త్వరగా అరుగుతాయి.

వేట రెస్ట్ అని రాసి ఉన్నంత మాత్రాన మన దేశంలో అది వేటకు పనికొస్తుందని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల వేట నేరం. ప్రయత్నం కూడా వేట నిర్వచనంలోకే వస్తుంది. ఏనుగులకు నెలవైన దల్మా అభయారణ్యంలో సెంద్రాను లాంఛనంగా జరుపుకోవాలని అటవీశాఖ ఆదివాసులను కోరుతూ వస్తోంది. ఇలాంటి రెస్టులకు ఇక్కడ న్యాయమైన వాడుక, నురుగు బొమ్మ జంతువులను లక్ష్యంగా పెట్టే త్రీడీ ఆర్చరీ లాంటి చోట్లే.

అమర్చాక సరిచూసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఈకల మీదా, రెస్ట్ మీదా ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, దగ్గరి నుంచి గడ్డిబోరు మీదికి ఒక బాణం వేయాలి. పౌడరు చెదరకుండా ఉంటే ఈకలు తగల్లేదు. ఒకే ఈక మీద గీత పడితే, రెస్టును విప్పే ముందు బాణం నాక్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ వేసి చూడాలి. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.