పాచి నోరూ, ఊపిరితిత్తుల నిమ్మూ

తుంగభద్ర నీళ్ళతో వరి పండే కర్ణాటకలోని కంప్లి ప్రాంతంలో పురుగుల మందు అందరి చేతికీ అందే వస్తువు. ఆ మందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్ విషం ఒంటికెక్కితే కేసు బళ్ళారికో హోస్పేటకో పరుగెడుతుంది. ఊపిరి పీల్చే కండరాలు చచ్చుబడితే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెడతారు. విషం మొదట నోటినిండా చొంగ తెప్పిస్తుంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఆ నోటినే ఎండబెడుతుంది. ప్రాణం నిలవాలంటే అట్రోపిన్ తప్పదు. కానీ పళ్ళను పగలూ రాత్రీ కడిగే లాలాజలం తగ్గాక అక్కడ ఏం పెరుగుతుందన్నది ఐసీయూలో చాలామందికి ఆఖరున గుర్తొచ్చే ప్రశ్న.

ఆరోగ్యవంతుల గొంతులో అరుదుగా కనిపించే గ్రామ్ నెగెటివ్ రకం సూక్ష్మజీవులు, జబ్బు ముదిరినవాళ్ళ గొంతులో తరచుగా తిష్ఠ వేస్తాయని జోహాన్సన్ అనే పరిశోధకుడి బృందం 1969లోనే చూపింది. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటివి పంటి పాచిలో చేరతాయి. గొట్టం చుట్టూ ఉబ్బే చిన్న బెలూన్ గాలిని ఆపుతుంది గానీ తడిని పూర్తిగా ఆపలేదు. దాని పైన నిలిచిన నోటి ద్రవం సన్నటి ముడతల గుండా కిందికి జారుతుంది. వెంటిలేటర్ పెట్టి 48 గంటలు దాటాక వచ్చే నిమ్ముకు, అంటే న్యుమోనియాకు, ఇదొక ముఖ్యమైన దారి.

క్రిములే కారణమైతే క్రిములను చంపే మందు పూస్తే సరిపోదా? వైద్యలోకం చాలాకాలం అలాగే అనుకుంది. 1996లో గుండె ఆపరేషన్ రోగుల్లో క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు మంచి ఫలితం చూపడంతో అది ఐసీయూలన్నిటికీ పాకింది. తర్వాతి విశ్లేషణల్లో మిగతా రోగులకు ఆ మేలు స్పష్టంగా కనిపించలేదు, పైగా మరణాలు పెరుగుతున్నాయేమో అన్న అనుమానం పుట్టింది. టొరంటోలోని 6 ఐసీయూల్లో దాన్ని మానిపించి చూసిన అధ్యయనం 2021లో వెలువడింది: మానేసినందువల్ల మరణాల్లో తేడా రాలేదు. పాచి అంటే జిగురుతో కట్టుకున్న పొర. పైపైన పూసిన మందు దాని లోపలికి సరిగా దిగదు. దాన్ని గీకి తీయాల్సిందే. అందుకే 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు క్లోర్‌హెక్సిడిన్ లేకుండా పళ్ళు తోమమన్నాయి.

తోమడానికి రుజువేదీ అంటారా? 15 ప్రయోగాలను కలిపి చూసిన 2024 నాటి విశ్లేషణలో ఆస్పత్రి న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గింది. మేలు తేటగా కనిపించింది వెంటిలేటర్ రోగుల్లోనే. ఎవరి పళ్ళు తోమారో సిబ్బందికి తెలుస్తుంది, న్యుమోనియా నిర్ధారణలో వైద్యుడి అంచనా పాలూ ఎక్కువే, కాబట్టి ఈ లెక్కను ఎంత నమ్మాలన్న అభ్యంతరం సబబైనదే. అయితే వెంటిలేటర్ మీద గడిపిన రోజులు కూడా సగటున ఒకటికి పైగా తగ్గాయి. ఐసీయూ మరణాలూ తగ్గాయి. మరణాన్ని లెక్కపెట్టడానికి ఎవరి అంచనాతోనూ పని లేదు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఈ అంకెలే.

ఊడిన పాచి ఊపిరితిత్తుల్లోకి జారదా అన్న భయం కూడా న్యాయమైనదే. తలవైపు ఎత్తి, బెలూన్ ఒత్తిడి సరిచూసి, ఊడినదాన్ని వెంటవెంటనే సక్షన్‌తో లాగేస్తే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. గొట్టం కదలకుండా పట్టుకోవడానికి రెండో మనిషి ఉంటే మేలు. అసలు చిక్కు అక్కడే ఉంది: నలుగురు రోగుల మధ్య పరుగెత్తే నర్సుకు రెండో మనిషి ఎక్కడ దొరుకుతుంది? కాస్త ఊరట ఏమిటంటే, రోజుకు రెండుసార్ల కంటే ఎక్కువగా తోమినా అదనపు లాభం కనిపించలేదు. మెత్తటి చిన్నపిల్లల బ్రష్షు చాలు. ఇంజెక్షన్ల వేళలు రాసే చార్టులో పళ్ళు తోమడానికీ ఒక గడి ఉంటే, బయట కాచుకున్న బంధువులు ఆక్సిజన్ ఎంతుందని అడిగినప్పుడే, పళ్ళు తోమారా సిస్టర్ అని కూడా అడగొచ్చు.