మంచు కింద మీ ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఎందుకు పనికిరాదు?

డిసెంబర్ దగ్గరపడితే చాలు, మా ఆఫీసులో సగం స్క్రీన్ల మీద కేదార్‌కంఠ ఫొటోలే. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్ ఫ్లైట్, అక్కడి నుంచి సాంక్రీకి బండి, ఆపైన మంచులో నడక. గ్యాడ్జెట్ల గురించి రాస్తానని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మంచులో ఏ ఫోన్ బాగుంటుంది బ్రో?" కెమెరా గురించైతే గంట మాట్లాడతా. కానీ మొన్న ఒక కొలీగ్ ఇంకో మాట అన్నాడు. "శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్న ఫోన్ కొంటున్నా, ఇక అవలాంచ్ వచ్చినా టెన్షన్ లేదు." ట్రెక్ అయ్యాక ఉత్తరకాశీలో మౌంటెనీరింగ్ కోర్సుకి కూడా వెళ్తాడట. ఈ ఆర్టికల్ అతని కోసమే అనుకోండి.

ముందు టైమ్ లెక్క చూద్దాం. మంచు చరియల కింద పూర్తిగా కూరుకుపోయినవాళ్లను 10 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతారని స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కలు చెబుతున్నాయి. అరగంటకి అది మూడో వంతుకు పడిపోతుంది. కారణం ఎక్కువగా చలి కాదు, ఊపిరాడకపోవడం. ఆగిపోయాక ఆ మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. జేబులోకి చెయ్యి పోనివ్వడం కాదు, వేలు కూడా కదలదు. ఫోన్ అన్‌లాక్ చేసి బటన్ నొక్కే సీన్ సినిమాల్లోనే.

సరే, ఎలాగో నొక్కారనుకుందాం. శాటిలైట్ ఎస్ఓఎస్‌కి పైన ఆకాశం ఖాళీగా కనిపించాలి, ఫోన్‌ని శాటిలైట్ వైపు తిప్పి పట్టుకోవాలి. ఐఫోన్‌లోని ఆ సర్వీసు ఇండియాలో లేదు కూడా. వేరే శాటిలైట్ కమ్యూనికేటర్ తీసుకెళ్దామంటే టెలికాం శాఖ అనుమతి తప్పనిసరి. అది లేకుండా తెచ్చిన విదేశీ టూరిస్టులను ఎయిర్‌పోర్టుల్లో ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. అన్నీ కుదిరి మెసేజ్ వెళ్లినా హెలికాప్టర్ 10 నిమిషాల్లో రాదు. మిమ్మల్ని తవ్వాల్సింది పక్కనే నడుస్తున్న మీ ఫ్రెండే.

మరి జీపీఎస్? చాలామంది పొరబడేది ఇక్కడే. జీపీఎస్ చిప్ వినడమే కానీ మాట్లాడదు. మీరెక్కడున్నారో మీ ఫోన్‌కి తెలుస్తుంది, పైనున్నవాళ్లకి తెలియదు. బ్లూటూత్, వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని తడి మంచు బాగా తినేస్తుంది. ఫోన్లనే అవలాంచ్ సెర్చ్ యంత్రాలుగా మారుస్తామంటూ యాప్‌లు వచ్చినప్పుడు, వాటిని నమ్ముకోవద్దని 2013లోనే కెనడియన్ అవలాంచ్ సెంటర్ హెచ్చరించింది. ఒక యాప్ ఇంకో యాప్‌తో మాట్లాడదు, సిగ్నల్ నమ్మకం లేదు, బ్యాటరీ అంతకన్నా లేదు అన్నవి దాని అభ్యంతరాలు.

ఈ పని చేసే అసలు గ్యాడ్జెట్ అవలాంచ్ ట్రాన్సీవర్. చూడ్డానికి పాత పేజర్‌లా ఉంటుంది. డిస్‌ప్లే గురించి రివ్యూ రాయాలంటే రెండు లైన్లు చాలు. విదేశాల్లో ధర సుమారు 300 నుంచి 500 డాలర్లు. నడక మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఒంటికి కట్టుకునే ఉండాలి, అది 457 కిలోహెర్ట్జ్‌లో పల్స్ పంపుతూనే ఉంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగిలినవాళ్లంతా తమ పరికరాలను సెర్చ్ మోడ్‌లోకి మార్చుకుని వెతుకుతారు. ఏ కంపెనీది కొన్నా ఫ్రీక్వెన్సీ అదే. ఛార్జర్ కేబుల్ విషయంలో మనం ఇన్నేళ్లు కొట్టుకున్నది వీళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారు.

అంత తక్కువ ఫ్రీక్వెన్సీ ఎందుకంటే, దాని వేవ్‌లెంగ్త్ దాదాపు 656 మీటర్లు. మంచు, చెట్లు, రాళ్లు దానికి పెద్దగా అడ్డు కావు. మీరు వెతికేది పదుల మీటర్ల దూరంలో కాబట్టి, నిజానికి పట్టుకుంటున్నది రేడియో తరంగాన్ని కాదు, ఇంటర్ ఫిజిక్స్‌లో గీసిన అయస్కాంత క్షేత్ర రేఖల్ని. అందుకే స్క్రీన్ మీద బాణం మిమ్మల్ని నేరుగా కాకుండా వంపు దారిలో తీసుకెళ్తుంది. ఒక క్లైంబర్ ఫ్రెండ్ దగ్గర రెండు అడిగి తెచ్చి మా కాలనీ పార్కులో ఎండుటాకుల కింద ఒకటి దాచి చూశా. మొదటిసారి ఆ వంపు చూసి పరికరం పాడైందనుకున్నాడు మా తమ్ముడు. దగ్గరికొచ్చాక వేగం తగ్గించాలి, పరికరాన్ని నేలకు ఆనించి అడ్డంగా, నిలువుగా కదిపి అతి చిన్న అంకె ఎక్కడ వస్తుందో చూడాలి. ఆ తర్వాత ప్రోబ్ అనే పొడవాటి మడత కడ్డీతో గుచ్చి చూడటం, పారతో తవ్వడం. ఈ మూడూ కలిస్తేనే ఒక కిట్. పార లేని ట్రాన్సీవర్ వల్ల మీరెక్కడ చనిపోతున్నారో తెలుస్తుంది, అంతే.

ఇక మన సైట్ రీడర్లకి ముఖ్యమైన సంగతి. మీ ఫోన్ ఈ పరికరాన్ని డిస్టర్బ్ చేస్తుంది. సెండ్ మోడ్‌లో ఉన్నప్పుడు ఫోన్, స్మార్ట్‌వాచ్, యాక్షన్ కెమెరా, పవర్ బ్యాంక్, చివరికి అయస్కాంతం ఉన్న జేబు మూత కూడా కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతికేటప్పుడు 50. ఛాతీ మీద కెమెరా, దాని కిందే ట్రాన్సీవర్ పెట్టుకుని తీసిన రీల్స్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ కిట్ ఉంటే గ్యారంటీ అని మాత్రం కాదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా-2 మీద నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ శిక్షణ బృందాన్ని అవలాంచ్ కొట్టింది. 29 మంది పోయారు. అదే ఏడాది ఎవరెస్ట్, మకాలూ ఎక్కిన ఇన్‌స్ట్రక్టర్ సవితా కంస్వాల్ కూడా వాళ్లలో ఉన్నారు. చాలామంది మంచు పగులులోకి పడిపోయారు. అలాంటిచోట ఏ యాంటెన్నా ఏం చేస్తుంది?

కాబట్టి ఫోన్ పని కొండ ఎక్కకముందే. స్లాబ్ అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో మొదలవుతాయి. మీ దారి, దాని పైనున్న వాలు ఎంత నిటారుగా ఉన్నాయో ఆఫ్‌లైన్ టోపో మ్యాప్‌లో రంగుల్లో చూసుకోవచ్చు. చిన్న వాలు మీద నడక కర్ర పెట్టి, దాని మీద ఫోన్ ఆనించి లెవెల్ యాప్‌తో కోణం కొలవచ్చు. కొత్తగా బాగా మంచు పడినా, గాలి దాన్ని ఒక పక్కకి తోసి పోగేసినా ఆ వాలు జోలికి పోకూడదు.

చండీగఢ్‌లోని డీజీఆర్ఈ ఇచ్చే అవలాంచ్ బులెటిన్ కూడా రోజూ చూడాలి. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు కార్మికుల క్యాంపు మీద మంచు విరిగిపడటానికి ముందురోజు సాయంత్రమే చమోలీ జిల్లాకి హెచ్చరిక వచ్చింది. చిక్కుకున్న 54 మందిలో 8 మంది చనిపోయారు, 46 మంది బయటపడ్డారు. వాళ్లుండే ఇనుప కంటెయినర్లలో గాలి మిగలడం చాలామందిని కాపాడింది. మన దగ్గర ఉండేది జాకెట్టే.

మా కొలీగ్ ఫోన్ ఎలాగూ కొనేశాడు. చలికి బ్యాటరీ 30 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆఫ్ అయిపోవచ్చు, లోపలి జేబులో పెట్టుకోమన్నా. ట్రాన్సీవర్ పెట్టుకున్నాక మాత్రం ఆ జేబు దానికి దూరంగా ఉండాలి. బేరం మొదలుపెట్టే ముందు ట్రెక్ కంపెనీని మూడు అడగమన్నా: ట్రాన్సీవర్, ప్రోబ్, పార ఒక్కొక్కరికీ ఇస్తారా, మొదటిరోజు ప్రాక్టీస్ చేయిస్తారా, బులెటిన్ ఎరుపులో ఉంటే డబ్బు వాపస్ ఇస్తారా? మూడో ప్రశ్నకి ఇంకా రిప్లై రాలేదట.