ముప్పై ఒక్క ఏళ్ళు, పదిహేను ఆల్బమ్‌లు, తీరని తగవు

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని మన సామెత. సంగీతాభిమానుల లోకంలో మాత్రం ఈ సామెత తలక్రిందులవుతుంది. అక్కడ పాతదే వింత, కొత్తదే రోత. తాము అభిమానించే బృందం కొత్త ఆల్బమ్ వెలువరించిందనగానే “ఇదివరకటి రుచి ఏదీ?” అని నిట్టూర్చేవారు కొందరు, “ఎన్నాళ్ళని అదే పాట వింటాం?” అని ఎదురు వాదించేవారు మరికొందరు. బృందం ఎంత దీర్ఘకాలం మనగలిగితే ఈ తగవు అంతగా ముదురుతుంది.

ఇందుకు చక్కని ఉదాహరణ అమెరికాకు చెందిన ఆర్.ఇ.ఎం. అనే రాక్ బృందం. 1980లో ప్రారంభమై, 2011లో తనంత తానుగా విరమించుకున్న ఈ బృందం ఆ ముప్పై ఒక్క సంవత్సరాలలో 15 ఆల్బమ్‌లు వెలువరించింది. వీటిలో ఏది ఉత్తమం, ఏది పేలవం, ఏ మజిలీలో ఈ బృందం ఆగిపోయి ఉండవలసింది అన్న విషయమై అభిమానులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ అభిప్రాయభేదాలను పరిశీలిస్తే, ఒక బృందం కలిసి పనిచేయడంలోని కష్టసుఖాలు కూడా కొంతవరకు బోధపడతాయి.

నలుగురు మిత్రులు, ఒక నియమం

జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ ఒక విశ్వవిద్యాలయ పట్టణం. అక్కడి ఒక రికార్డుల దుకాణంలో పనిచేస్తున్న పీటర్ బక్‌కు, అక్కడికి తరచు వచ్చే మైకేల్ స్టైప్ అనే విద్యార్థితో పరిచయమైంది. వారికి మైక్ మిల్స్, బిల్ బెర్రీ అనే మరో ఇద్దరు విద్యార్థులు తోడయ్యారు. స్టైప్ గాయకుడు, బక్ గిటార్, మిల్స్ బేస్ గిటార్, బెర్రీ డ్రమ్స్ వాయించేవారు. 1980 ఏప్రిల్ 5న, అప్పటికి ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, ఒక పుట్టినరోజు వేడుక సందర్భంగా వారు తొలిసారి వాయించారు.

ఆనాటి పెద్ద రేడియో కేంద్రాలు ఒకే మూసలో ఉన్న పాటలను ప్రసారం చేసేవి. ఆ మూసకు లొంగని బృందాలకు కళాశాలల విద్యార్థులు నడిపే చిన్న రేడియో కేంద్రాలు, చిన్న రికార్డు కంపెనీలు ఆశ్రయమిచ్చాయి. ఆ ధోరణికే తరువాతి కాలంలో ‘ఆల్టర్నేటివ్ రాక్’ అనే పేరు స్థిరపడింది. ఆ బాటలో తొలి అడుగులు వేసినవారిలో ఆర్.ఇ.ఎం. ముఖ్యమైనది.

ఈ నలుగురూ మొదటినుండీ ఒక నియమం పాటించారు. బాణీ ఎవరికి స్ఫురించినా, మాటలు ఎవరు వ్రాసినా, పాట క్రింద నలుగురి పేర్లూ ఉండాలి; రాబడిలో నలుగురికీ సమాన భాగం ఉండాలి. ఏ ఒక్కరు వద్దన్నా ఆ పని మానుకోవలసిందే. కీర్తి, ధనం పంచుకొనే వేళ విడిపోయిన బృందాలు ఎన్నో ఉన్న ఆ రంగంలో ఇది అరుదైన కట్టుబాటు. అభిమానుల తగవంతా ఈ నియమం చుట్టూనే తిరుగుతుందని ముందుముందు గమనించగలము.

తొలినాటి భక్తులు

మొదటి ఆల్బమ్ ‘మర్మర్’ 1983లో వెలువడింది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రపంచమంతటా మారుమ్రోగుతున్న ఆ సంవత్సరంలో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక విమర్శకులు ఉత్తమ ఆల్బమ్‌గా ‘మర్మర్’ను ఎన్నుకున్నారు. అందులో బక్ గిటార్ తీగలను ఒక్కొక్కటిగా మీటుతాడు. స్టైప్ మాటలు సగం వినబడతాయి, సగం వినబడవు. ప్రక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటుండగా చెవిన పడిన సంభాషణవలె ఉంటుంది ఆ గానం.

ఈ అస్పష్టతే అసలు సౌందర్యమని వాదించే అభిమానులది మొదటి వర్గం. వీరి దృష్టిలో ‘మర్మర్’, 1984 నాటి ‘రెకనింగ్’ ఈ రెండే శిఖరాలు. లండన్‌లో రికార్డు చేసిన 1985 నాటి ‘ఫేబుల్స్ ఆఫ్ ది రీకన్‌స్ట్రక్షన్’ విషయంలో ఈ వర్గంలోనే చీలిక ఉంది. అమెరికా దక్షిణ ప్రాంతపు కథలూ, విచిత్ర వ్యక్తులూ నిండిన ఆ ఆల్బమ్ మందకొడిగా ఉన్నదని కొందరు, అంతకు మించిన లోతు మరి దేనిలోనూ లేదని మరికొందరు అంటారు.

1986లో ‘లైఫ్స్ రిచ్ పేజెంట్’ నిర్మాణ బాధ్యత వహించిన డాన్ గేమన్, స్టైప్ చేత మాటలు స్పష్టంగా పాడించాడు. “ఇప్పటికి అర్థమైంది” అని సంతోషించినవారు ఉన్నారు, “అర్థమైపోయింది, ఇక ఏమున్నది?” అని పెదవి విరిచినవారూ ఉన్నారు. 1987 నాటి ‘డాక్యుమెంట్’ అమెరికాలో 10 లక్షల ప్రతులు దాటింది. మరుసటి సంవత్సరం బృందం ఐ.ఆర్.ఎస్. అనే చిన్న కంపెనీని వదలి వార్నర్ బ్రదర్స్ అనే మహాసంస్థలో చేరింది. తొలినాటి భక్తులలో కొందరికి అక్కడితో ఆర్.ఇ.ఎం. కథ ముగిసినట్లే.

లోకమంతా విన్న కాలం

రెండవ వర్గం అక్కడినుండి మొదలవుతుంది. 1988 నాటి ‘గ్రీన్’ తరువాత సుదీర్ఘమైన సంగీతయాత్ర చేసి అలసిన బృందం కొంతకాలం కచేరీలు మానుకొంది. ఎలక్ట్రిక్ గిటార్‌పై విసుగు పుట్టిన బక్ మాండొలిన్ చేతబట్టాడు. ఆ మాండొలిన్‌పై పుట్టినదే 1991 నాటి ‘ఔట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్‌లోని ‘లూజింగ్ మై రిలిజియన్’. శీర్షిక చూసి ఇది మతానికి సంబంధించిన పాట అని పొరబడేవారు ఎందరో. సహనం నశించిందనడానికి అమెరికా దక్షిణ ప్రాంతీయులు వాడే నానుడి అది.

ఈ పాటతో మనకు ఒక బంధుత్వం కూడా ఉంది. దాని వీడియోకు దర్శకత్వం వహించిన తర్సేమ్ సింగ్ పంజాబ్‌లోని జలంధర్‌లో జన్మించినవాడు. ఇటలీ చిత్రకారుడు కారవాజియో వెలుగునీడలను, భారతీయ చలనచిత్రాలలోని నాటకీయతను మేళవించి ఆయన తీర్చిన ఆ దృశ్యరూపం 1991లో ఎం.టి.వి. వారి ఉత్తమ వీడియో పురస్కారంతో కలిపి ఆరు బహుమతులు గెలుచుకుంది. ‘ఔట్ ఆఫ్ టైమ్’ ద్వారా బృందానికి 1992లో మూడు గ్రామీ పురస్కారాలు లభించాయి.

అయినా తగవు తీరలేదు. అదే ఆల్బమ్‌లోని ‘షైనీ హ్యాపీ పీపుల్’ అనే కేరింతల పాటను అభిమానులలో చాలామంది నేటికీ సహించలేరు. 2003లో తమ ప్రసిద్ధ గీతాలను ఏర్చి కూర్చిన సంకలనంలో బృందమే దానికి చోటివ్వలేదు. పిల్లలతో కలిసి ఆ పాట విని ఆనందించిన వారికి ఇది అన్యాయమనిపించింది.

1992 నాటి ‘ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్’ ఒక్కటే అన్ని వర్గాలనూ దాదాపు ఏకం చేయగలిగింది. దాని పేరు ఏథెన్స్‌లోని ఒక చిన్న భోజనశాల నినాదం. మరణం, స్మృతి, గడిచిపోయిన యౌవనం అందులోని విషయాలు. లెడ్ జెప్పెలిన్ బృందానికి చెందిన జాన్ పాల్ జోన్స్ కొన్ని పాటలకు వయొలిన్ల స్వరరచన సమకూర్చాడు. నిరాశలో ఉన్నవారిని ఓదార్చే ‘ఎవ్రీబడీ హర్ట్స్’ పాటకు బీజం వేసినది డ్రమ్స్ వాయించే బెర్రీ అన్నది గమనార్హం.

మారిన తీర్పులు

ఇంతటి ఆదరణ పొందిన ధోరణినే కొనసాగించి ఉంటే సులువుగా ఉండేది. కాని 1994లో వచ్చిన ‘మాన్‌స్టర్’ గిటార్ల హోరుతో నిండిపోయింది. లక్షలాదిగా అమ్ముడైన ఆ ఆల్బమ్, కొనుగోలుదారులకు రుచించక, పాత సరుకు అమ్మే దుకాణాలలో గుట్టలుగా పేరుకుపోయింది. గాయకుని కంఠం ఆ హోరులో మునిగిపోయిందని ఫిర్యాదు. నిర్మాణ భాగస్వామి స్కాట్ లిట్‌కు సైతం ఆ విషయం మనస్సులో మెదలుతూనే ఉన్నది కాబోలు, 2019లో ఆ పాటల ధ్వనులను మళ్ళీ కూర్చి, కంఠాన్ని ముందుకు తెచ్చాడు. తమాషా ఏమంటే, పాతికేళ్ళ తరువాత “ఆ హోరే బాగుండేది” అన్న అభిమానులు అనేకులు కనబడ్డారు.

1995 సంగీతయాత్రలో, వేదికలపైనా, కచేరీకి ముందరి ధ్వని పరీక్షలలోనూ రికార్డు చేసిన పాటలతో 1996లో ‘న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై’ వచ్చింది. అమ్మకాలు తగ్గడంతో బృందం పతనం మొదలైందని అప్పట్లో పలువురు భావించారు. నేడు అదే ఆల్బమ్‌ను తలమానికంగా పేర్కొనే అభిమానులు తక్కువమంది కారు. వినేవారి తీర్పులు కూడా వయస్సుతో మారుతాయనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఒకరు వెళ్ళిపోయిన తరువాత

ఆ యాత్రలోనే, 1995 మార్చి 1న, స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ జరుగుతుండగా బెర్రీ తీవ్రమైన తలనొప్పితో వాయించలేకపోయాడు. మెదడులోని రక్తనాళం చిట్లినట్లు తేలింది. శస్త్రచికిత్సతో కోలుకుని తిరిగి యాత్రలో పాల్గొన్నాడు. కాని మనస్సు మారింది. 1997 అక్టోబరులో బృందాన్ని వదలి వ్యవసాయం చేసుకునేందుకు వెళ్ళిపోయాడు. తన కారణంగా బృందం ఆగిపోరాదన్నది ఆయన పెట్టిన షరతు. మూడు కాళ్ళున్నా కుక్క కుక్కేనని, పరుగు తీరును మాత్రం కొత్తగా నేర్చుకోవాలని స్టైప్ అన్న మాట ప్రసిద్ధి కెక్కింది.

అభిమానుల తగవులో అత్యంత తీవ్రమైన ఘట్టం ఇదే. నలుగురి సమాన భాగస్వామ్యమే ప్రాణమైన బృందంలో ఒకరు తప్పుకుంటే మిగిలినది అదే బృందమా? కాదనేవారు 1996తో తమ జాబితా ముగిస్తారు. బెర్రీ కేవలం తాళం వేసినవాడు కాడు; బాణీలు కట్టినవాడు, పాట పొడుగైతే కత్తిరించమన్నవాడు అని వారి వాదన. అవుననేవారు 1998 నాటి ‘అప్’ను చూపుతారు. డ్రమ్స్ వాయించేవాడు లేని లోటును దాచిపెట్టక, యంత్రాల తాళంతో, కీబోర్డుల మంద్రధ్వనితో చేసిన ఆ ఆల్బమ్ బెంగను బెంగగానే వినిపించింది. ఒకనాడు మాటలు వినబడకుండా పాడిన బృందం పాటల సాహిత్యాన్ని పూర్తిగా అచ్చువేసి ఇచ్చినది ఆ ఆల్బమ్‌తోనే.

2001 నాటి ‘రివీల్’ కొందరికి వేసవి మధ్యాహ్నపు హాయి, మరికొందరికి నిద్రమత్తు. 2004 నాటి ‘ఎరౌండ్ ది సన్’ విషయంలో మాత్రం అభిమానులలో చాలామంది నిరాశ వ్యక్తం చేశారు. ఆ ఆల్బమ్ విసుగెత్తిన మనుషులు వాయించినట్లున్నదని తరువాత బక్ స్వయంగా ఒప్పుకున్నాడు. 2007లో డబ్లిన్‌లో అయిదు రాత్రులు శ్రోతల ఎదుటనే కొత్త పాటలు సాధన చేసి, 2008లో సుమారు 35 నిమిషాల ‘యాక్సిలరేట్’ను వేగంగా ముగించారు. దూరమైన అభిమానులు కొందరు తిరిగి వచ్చారు. 2011లో ‘కొలాప్స్ ఇన్‌టు నౌ’ వెలువడిన కొన్ని నెలలకు, సెప్టెంబరు 21న, కలహాలు లేకుండా, కోర్టుల కెక్కకుండా బృందం తన విరమణను ప్రకటించింది.

ఎవరిది న్యాయం?

‘లోకో భిన్నరుచిః’ అన్నారు పెద్దలు. కాని ఇక్కడి భేదం కేవలం రుచిభేదం కాదు. ఎవరు ఏ ఆల్బమ్‌తో ఈ బృందాన్ని తొలిసారి విన్నారో, వారికి అదే కొలబద్ద అవుతుంది. 1983లో కళాశాల వసతిగృహంలో విన్నవాడికి ‘మర్మర్’, 1992లో ఏదో దుఃఖంలో ఉన్నవాడికి ‘ఆటోమేటిక్’, 1998లో ఉద్యోగం కోసం ఊరు విడిచినవాడికి ‘అప్’. తన ఆల్బమ్‌ను ఎవరైనా కాదంటే, ఆ వయస్సులోని తననే కాదన్నట్లు అతడు బాధపడతాడు. ఆ బాధను తేలికగా తీసివేయరాదు.

అయితే తొలి భక్తుల మాట విని ఉంటే ‘ఆటోమేటిక్’ పుట్టేది కాదు. మలి భక్తుల మాట విని ఉంటే ‘న్యూ అడ్వెంచర్స్’ పుట్టేది కాదు. అలాగని అభిమానుల విమర్శ వ్యర్థమూ కాదు. ‘ఎరౌండ్ ది సన్’ విషయంలో వారు చెప్పినదే నిజమని చేసినవారే అంగీకరించారు. మార్పు తప్పనిసరి, మారిన ప్రతిదీ మంచిది కాదు అన్న రెండు సత్యాలనూ ఒకే అలమరలో ప్రక్క ప్రక్కన నిలబెట్టినవి ఈ పదిహేను ఆల్బమ్‌లు.

మన వంటి పెద్ద సంస్థలలో పనిచేసేవారికి ఈ కథలో మరొక ఆసక్తి ఉండడం సహజం. విభాగంలో ఒక అనుభవజ్ఞుడు పదవీ విరమణ చేసినపుడు, అతని కుర్చీలో మరొకరు కూర్చున్నంత మాత్రాన పని తీరు అదే విధంగా ఉండదు. మిగిలినవారు ఆ లోటును దాచక, నడక మార్చుకొని కొంతకాలం తడబడవలసినదే. ఆ తడబాటును వెలుపలివారు పతనమంటారు, లోపలివారు ప్రయత్నమంటారు. ఉభయులూ కొంతవరకు సత్యమే పలుకుతారు.

2024 జూన్‌లో న్యూయార్క్‌లో గీతరచయితల గౌరవసభకు ఎంపికైన సందర్భంగా ఆ నలుగురూ, వ్యవసాయానికి వెళ్ళిన బెర్రీతో సహా, ఒకే వేదిక ఎక్కి ‘లూజింగ్ మై రిలిజియన్’ ఒక్క పాట వినిపించారు. మళ్ళీ బృందంగా ఏర్పడే ఉద్దేశం లేదని స్పష్టం చేశారు. గౌరవం లభించినది నలుగురి పేర్లకూ కలిపి. ఏ పాట ఎవరు కట్టారన్న లెక్క అక్కడ కూడా ఎవరూ విప్పలేదు. అభిమానులు మాత్రం ఆ రాత్రి పాడవలసినది ఆ పాట కాదని, మరొకటని అప్పుడే వాదనకు దిగి ఉంటారు. దిగకపోతేనే ఆశ్చర్యపడాలి.