పాత యుద్ధ సినిమాలు, నాన్నమ్మ అడిగిన ప్రశ్న

సెలవులకు ముందు చివరి వారంలో ఏ బడిలోనూ పాఠాలు సాగవు. పరీక్షలు అయిపోతాయి, పిల్లల మనసు ఇంటి మీదికి పోతుంది. ఆ వారం మా పెద్ద తరగతి పిల్లలకు నేను ఒక పాత సినిమా చూపిస్తాను. పోయిన ఏడాది ‘ది గ్రేట్ ఎస్కేప్’ చూపించాను. 1963లో వచ్చిన సినిమా. దాదాపు మూడు గంటలు నడుస్తుంది. పాటలు లేవు, ప్రేమకథ లేదు. పది నిమిషాల్లో అందరూ ఫోన్లు బయటికి తీస్తారని అనుకున్నాను. ఎవరూ తీయలేదు.

మర్నాడు అడిగాను, “మీకు ఎవరు నచ్చారు?” అని. ఒక్కొక్కరు ఒక్కొక్కరి పేరు చెప్పారు. మోటారు సైకిల్ మీద పారిపోయే స్టీవ్ మెక్వీన్ అని కొందరు. సొరంగం తవ్వే చార్లెస్ బ్రాన్సన్ అని ఒకడు. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి మాత్రం, దొంగ కాగితాలు తయారు చేసే ఆయన నచ్చాడని చెప్పింది. చూపు పోతున్నా చెయ్యి ఆపని ఆ మనిషి వేషం వేసింది డొనాల్డ్ ప్లెజెన్స్. ఆ నటుడు యుద్ధంలో నిజంగానే జర్మనీవాళ్లకు ఖైదీగా చిక్కినవాడు.

ఒకే సినిమాలో ఇంతమందికి ఇంతమంది నచ్చడం ఎలా సాధ్యం? ఆ సినిమాల బలమంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట నేర్చుకుందాం: ‘జట్టు’. ఒక పని కోసం కలిసిన కొద్దిమందిని జట్టు అంటాం. ఇంకో మాట ‘పాత్ర’. వంటింట్లో గిన్నె కూడా పాత్రే, సినిమాలో మనిషి కూడా పాత్రే. గుడి తరగతిలో మా గురువుగారు ఈ రెండు అర్థాలూ చెప్పినప్పుడు మేం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అందులో పోలిక ఉంది. ప్రతి పాత్రకూ ఒక పని ఉంటుంది. అన్నం వండే గిన్నెలో పాలు కాచరు.

పాత యుద్ధ సినిమాలు చాలావరకు ఈ జట్టు కథలే. 1961లో వచ్చిన ‘ది గన్స్ ఆఫ్ నవరోన్’లో కొండ ఎక్కగలిగినవాడు ఒకడు, మందుగుండు పేల్చడం తెలిసినవాడు ఒకడు. 1967లో వచ్చిన ‘ది డర్టీ డజన్’లో పన్నెండుమంది శిక్ష పడ్డ ఖైదీలు ఒక జట్టు అవుతారు. మొదటి గంటలో మనకు మనుషులను పరిచయం చేస్తారు. ఎవరికి ఏం వచ్చు, ఎవరికి ఏమంటే భయం, ఎవరికి ఎవరంటే పడదు అన్నీ తెలుస్తాయి. ఆ తర్వాత వాళ్లను ప్రమాదంలోకి పంపిస్తారు. అప్పటికి వాళ్లు మనకు తెలిసినవాళ్లు. తెలిసినవాడు పడిపోతే కలిగే బాధ వేరు.

‘ది గ్రేట్ ఎస్కేప్’ నిజంగా జరిగిన కథ ఆధారంగా తీసింది. 1944 మార్చిలో స్టాలాగ్ లుఫ్ట్ 3 అనే జర్మన్ శిబిరం నుంచి 76 మంది ఖైదీలు సొరంగంలోంచి బయటపడ్డారు. ముగ్గురే క్షేమంగా తప్పించుకున్నారు. దొరికినవాళ్లలో 50 మందిని కాల్చి చంపారు. సినిమాను ఆ 50 మందికి అంకితం చేశారు. ‘50’ అని నల్లబల్ల మీద రాస్తే అది ఒక అంకె. మూడు గంటలు వాళ్లతో గడిపాక అదే అంకె చూస్తే గొంతు పట్టేస్తుంది.

అయితే ఈ సినిమాలో ఒక మెలిక ఉంది. తెర మీద అమెరికా తారలు ముందు వరుసలో కనిపిస్తారు. నిజంలో అమెరికా ఖైదీలు సొరంగం పనిలో సాయం చేశారు. కానీ పారిపోయే రోజుకు కొన్ని నెలల ముందే వాళ్లను శిబిరంలో వేరే భాగానికి మార్చేశారు. బయటపడ్డ 76 మందిలో వాళ్లు లేరు. అంటే జట్టులో ఎవరు కనిపించాలన్నది కథ చెప్పేవాడి చేతిలో ఉంటుంది. ఈ సంగతి నాకు ముందుగా నేర్పింది ఏ పుస్తకమూ కాదు. మా నాన్నమ్మ.

నాకప్పుడు పన్నెండేళ్లు ఉంటాయి. ఒక శనివారం రాత్రి మా బాబాయి ఇంట్లో టీవీలో ‘ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ వేశారు. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. నాన్నమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. అది వింతే. ఆమె ఎన్నడూ సినిమా హాలు గడప తొక్కలేదు. ఎన్టీఆర్ కృష్ణుడి సినిమా పట్నంలో ఆడినా రానంది. భక్తి ఎక్కువ, ఇలాంటివి ఇష్టం ఉండవు కాబోలు అని మేం అనుకునేవాళ్లం.

తెర మీద బ్రిటిష్ సైనికులు చిరిగిన బట్టలతో, ఈల పాట వేసుకుంటూ శిబిరంలోకి నడిచి వచ్చారు. అందరం ఆ ఈలకు పడిపోయాం. నాన్నమ్మ మా నాన్నను అడిగింది, “ఇది సయాం రైలేనా?” అని. నాన్న అవునన్నాడు. ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. చాలాసేపటికి మెల్లగా అంది:

“మనోళ్లు ఏరిరా?”

ఎవరూ జవాబు చెప్పలేదు. వంతెన పేలింది, రైలు నదిలో పడింది, సినిమా అయిపోయింది. ఆ రాత్రి పడుకునే ముందు ఆమె నాకు తన తమ్ముడి సంగతి చెప్పింది.

జపాన్‌వాళ్ల కాలంలో పేరాక్‌లోని మా ఎస్టేట్‌లో పని ఆగిపోయింది. రబ్బరు కొనేవాడు లేడు, బియ్యం లేదు, కర్రపెండలం దుంపలే తిండి. సయాంలో రైలు దారి వేస్తున్నారు, రోజుకు ఒక డాలరు కూలి, కొన్ని నెలల్లో తిరిగి రావచ్చు అని ఊరించారు. కొందరు వెళ్లారు. వెళ్లినవాళ్ల కబురు రాలేదు. ఇక ఎవరూ కదలలేదు. అప్పుడొకరోజు పట్నంలో ఉచితంగా సినిమా వేస్తున్నారని చాటింపు వేశారట. ఆమె తమ్ముడు స్నేహితులతో కలిసి వెళ్లాడు. ఆట అయ్యేసరికి బయట లారీలు నిలబడి ఉన్నాయి. తలుపు దగ్గరే మగవాళ్లను ఎక్కించుకుపోయారు. ఇలా సినిమాను ఎరగా వేసిన కథలు మన పెద్దలు ఇంకా కొందరు చెప్పుకునేవారు.

“సినిమాకని పోయినోడు ఇంటికి రాలేదు,” అంది నాన్నమ్మ. ఆమె సినిమా హాలుకు ఎందుకు వెళ్లదో నాకు ఆ రాత్రి తెలిసింది.

తర్వాత నేను పెద్దయ్యి చదువుకున్న సంగతులు ఇవి. ఆ రైలు దారి పొడవు 415 కిలోమీటర్లు. సయాంలోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయత్ దాకా, 1942, 1943 సంవత్సరాల్లో వేశారు. పనిచేసిన తెల్ల ఖైదీలు 60 వేలకు పైగా. వాళ్లలో 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు మూడింతలు: మలయా, బర్మా, జావా నుంచి తెచ్చినవాళ్లు 1,80,000 కంటే ఎక్కువ. మలయా నుంచే 70 వేలకు పైగా వెళ్లారు. అందులో చాలామంది మన తోటల్లోని తమిళులు. వాళ్లతో పాటు తెలుగువాళ్లు, మలయాళీలు కూడా ఉన్నారు. చనిపోయిన ఆసియా కూలీల లెక్క 90 వేల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా.

సినిమాలో ఈ కూలీల కథ లేదు. దీని మూల నవల రాసిన ఫ్రెంచి రచయిత పియర్ బూల్ యుద్ధానికి ముందు మలయాలో రబ్బరు తోటల్లో ఉద్యోగం చేసినవాడు. మన లైన్ ఇళ్లు, మన పాల బాల్చీలు ఆయన కళ్లముందే ఉండేవి. అయినా ఆయన చెప్పదలచిన కథ వేరు. తన శత్రువు కోసం కట్టే వంతెన మీద మోజు పెంచుకున్న ఒక బ్రిటిష్ కర్నల్ కథ అది. మంచి కథే. అలెక్ గిన్నెస్ నటన చూసి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. దర్శకుడు డేవిడ్ లీన్ 1957లో తీసిన ఆ సినిమాకు ఏడు ఆస్కార్‌లు వచ్చాయి. మనవాళ్లు లేరని దాన్ని చూడొద్దని నేను అనను. చూడండి. చూస్తూ నాన్నమ్మ ప్రశ్న కూడా అడగండి.

ఆ ప్రశ్నకు నేను చాలా ఏళ్లు కోపంగా జవాబు వెతికాను. తెల్లవాళ్లు తమ కథ చెప్పుకున్నారు, మనల్ని వదిలేశారు అని. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం ఆ శిబిరాల్లోనే ఉంది.

సైనిక ఖైదీలు జట్టుగా వెళ్లారు. వాళ్లకు అధికారులున్నారు, వైద్యులున్నారు, వంటవాళ్లున్నారు. మందులు సరిగా లేకపోయినా మరిగించిన నీళ్లే తాగాలని, మరుగుదొడ్డి దూరంగా తవ్వాలని చెప్పేవాళ్లున్నారు. వీరి ఎడ్వర్డ్ డన్‌లప్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు ఆ శిబిరాల్లో రహస్యంగా డైరీ రాశాడు. చనిపోయినవాడి పేరు, తేదీ రాసుకునేవాళ్లున్నారు. అందుకే ఈరోజు థాయిలాండ్‌లోని కాంచనబురి శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులు వరుసగా ఉన్నాయి. చాలా రాళ్ల మీద పేర్లున్నాయి. సినిమా వచ్చాక కూడా ఆ మాజీ ఖైదీలు ఊరుకోలేదు. నిజమైన వంతెన దగ్గర ఉన్న తమ అధికారి ఫిలిప్ టూసీ సినిమాలో కర్నల్‌లాంటివాడు కాదని, శత్రువు పనిని వీలైనంత ఆలస్యం చేయించాడని గట్టిగా చెప్పారు.

మన కూలీలను అలా పంపలేదు. దొరికినవాళ్లను దొరికినట్టు లారీలు ఎక్కించారు. వాళ్లకు అధికారి లేడు, వైద్యుడు దాదాపు లేడు. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు వాళ్లే ఎక్కువగా పోయారు. ఎవరు ఎక్కడ పోయారో రాసుకునే మనిషి లేడు. ఆ జట్టులో లేని పాత్ర అది: రాసేవాడు.

ఇంకొక చిన్న కథ చెప్పాలి. ఈ సినిమాకు స్క్రీన్‌ప్లే నిజంగా రాసింది కార్ల్ ఫోర్‌మన్, మైఖేల్ విల్సన్. కమ్యూనిస్టులన్న అనుమానంతో వాళ్లిద్దరినీ అప్పట్లో హాలీవుడ్ వెలివేసింది. అందుకని తెర మీద పియర్ బూల్ పేరు వేశారు. ఆస్కార్ కూడా ఆయన పేరుకే వెళ్లింది. 1984లో ఆస్కార్ ఇచ్చే సంస్థ ఆ తప్పు దిద్ది, ఆ ఇద్దరికీ బహుమతి ప్రకటించింది. బహుమతి అందే నాటికి ఇద్దరూ బతికి లేరు. అయినా పేరు తిరిగి వచ్చింది. 27 ఏళ్ల తర్వాత కూడా పేరు తిరిగి రావచ్చు, అది ఎవరికైనా తెలిసి ఉంటే.

నా బాధ ఇక్కడే ఉంది. ఆ రాత్రి నాన్నమ్మ మాట్లాడుతున్నంతసేపూ “మా తమ్ముడు, మా తమ్ముడు” అంది. పేరు చెప్పలేదు. నేను అడగలేదు. అప్పటికి రెండేళ్లుగా ఆదివారం సాయంత్రాలు రామాలయంలో తెలుగు నేర్చుకుంటున్నాను. గుణింతాలు వచ్చు, ఒత్తులు వచ్చు. పేరు చెప్పి ఉంటే తప్పు లేకుండా రాసేవాణ్ణి. ఆమె వెళ్లిపోయింది. మా నాన్నకు ఆ పేరు గుర్తులేదు. ఇప్పుడు నాన్న కూడా లేడు. మా ఇంట్లో ఆ పేరు తెలిసినవాళ్లు ఎవరూ మిగలలేదు.

అందుకే ఈమధ్య గుడి తరగతిలో పిల్లలకు ఒక పని ఇస్తున్నాను. ‘ది గ్రేట్ ఎస్కేప్’లో లాగా మీ ఇంటి జట్టును పరిచయం చేయండి అంటాను. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పేరు. పుట్టిన ఊరు. చేసిన పని. బాగా వచ్చిన విద్య ఒకటి. ఒక పిల్ల తన ముత్తవ్వ పాము కాటుకు మందు వేసేదని రాసుకొచ్చింది. ఇంకొకడు తన తాత జీతం పుస్తకం చదవగలిగేవాడని, లైన్‌లో అందరి లెక్కలూ ఆయనే చూసేవాడని రాశాడు. అక్షరాలు వంకరగా ఉంటాయి, దీర్ఘాలు పోతాయి. నేను ఎర్ర సిరాతో దిద్దను. పెన్సిల్‌తో పక్కన రాస్తాను.

మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్లండి. తెలుగు సరిగా రాదని సిగ్గుపడకండి. “అవ్వా, ఆయన పేరేమిటి?” అని అడగడానికి మూడే మాటలు చాలు.

పిల్లలతో పాటు నేనూ ఒక పేజీ రాశాను. పుట్టిన ఊరు: పేరాక్‌లో మా ఎస్టేట్. పని: రబ్బరు చెట్లు గీయడం. బాగా వచ్చిన విద్య: రామభజనలో డోలు వాయించడం. ఆ ఒక్క ముక్క నాన్నమ్మ ఆ రాత్రి నవ్వుతూ చెప్పింది. పేరు దగ్గర గీత గీసి ఖాళీగా వదిలాను. ఆ లారీలో ఆయన పక్కన కూర్చున్నవాళ్ల మనవలు ఎవరైనా ఈ పత్రిక చదువుతూ ఉండవచ్చు.