సగం తొలిచిన చిప్ప

మొన్న వేసవిలో మన సంఘం వాళ్ళమంతా మేరీలాండ్‌లోని కాల్వర్ట్ క్లిఫ్స్ పార్కుకి పిక్నిక్‌కి వెళ్ళిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలు మోసుకుంటూ అడవి దారిలో రెండు మైళ్ళకు కాస్త తక్కువ నడిస్తే చెసపీక్ అఖాతం ఒడ్డు వస్తుంది. విరిగిపడతాయన్న భయంతో ఆ మట్టికొండల కిందికి ఎవరినీ వెళ్ళనివ్వరు. వాటిలోంచి రాలి ఒడ్డుకు చేరినవి మాత్రం ఏరుకోవచ్చు. పిల్లలందరూ సొరచేప పళ్ళ కోసం ఇసుక జల్లిస్తుంటే, కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తగారు మాత్రం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుల్లలు ఏరారు.

"ఏం బాబూ, ఇవి అచ్చం మన కాకినాడ గుల్లల్లాగే ఉన్నాయే! సున్నానికి కాలుస్తారు చూడండి, అవే. కానీ వీటికి బెజ్జాలు ఎవరు పెట్టారండీ? దండ గుచ్చుకోడానికా?" అని అడిగారు.

చూస్తే నిజమే. చిప్ప పైభాగాన, మడతబందుకి దగ్గరగా, బరమాతో వేసినట్టు గుండ్రటి బెజ్జం. ఒకదానికి కాదు, దోసిట్లో ఉన్నవాటిలో అయిదారింటికి. "సముద్రం కోతండీ" అని తోచిన జవాబు చెప్పి తప్పించుకున్నాం. డాక్టర్లకు తెలియదని చెప్పడం అలవాటు లేదు కదా! ఆవిడ నమ్మలేదు. "కోతైతే అన్నిటికీ ఒకేచోట ఎందుకు కోస్తుందీ?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు కోసం తర్వాత కొన్ని వారాలు లైబ్రరీ చుట్టూ తిరిగాం. ఆ తిరుగుడు ఫలితమే ఈ వ్యాసం.

ముందుగా, ఆవిడ గుర్తుపట్టింది సరైనదే. కాకినాడ గుల్లకూ, ఆ మట్టికొండల్లోని గట్లు తేరిన చిప్పకూ కుటుంబం ఒకటే. తేడా వయసులో ఉంది. కాల్వర్ట్ క్లిఫ్స్‌లో దొరికేవి సుమారు కోటి నుంచి రెండు కోట్ల సంవత్సరాల నాటివి. అన్నట్టు కాకినాడ గుల్లలోని ప్రాణికి మనకున్నట్టే హీమోగ్లోబిన్‌తో ఎర్రటి రక్తం ఉంటుంది. జోడుచిప్పల ప్రాణుల్లో ఇది అరుదు.

ఇక ఆ బెజ్జం వేసింది మనిషీ కాదు, సముద్రమూ కాదు. అది నత్త పని. మూన్ స్నెయిల్ అనే నున్నటి గుండ్రటి నత్త ఇప్పటికీ ఈ తూర్పు తీరంలో ఇసుకలో పాకుతూ ఉంటుంది. ఇసుకలో దాగిన చిప్ప తగిలితే తన వెడల్పాటి పాదంతో దాన్ని దుప్పటి కప్పినట్టు చుట్టేస్తుంది. ఆ తర్వాత రెండు పనిముట్లు వాడుతుంది. ఒకటి ఆకురాయిలాంటి గరుకు నాలుక. రెండోది తొండం అడుగున ఉండే చిన్న మెత్తటి గ్రంథి. ఆ గ్రంథిని చిప్పకు ఆనించి సున్నాన్ని ఆమ్లంతో మెత్తబరుస్తుంది, నాలుకతో గీకుతుంది, మళ్ళీ గ్రంథిని ఆనిస్తుంది. ఇలా గంటల తరబడి, రోజుల తరబడి సాగుతుంది. రోజుకి సుమారు అర మిల్లీమీటరు లోతు దిగుతుంది. చివరికి బెజ్జంలోంచి తొండం దూర్చి లోపలి మాంసం తినేస్తుంది. వడ్రంగి మేకు తల లోపలికి దిగడానికి చెక్కినట్టు, బెజ్జం పైన వెడల్పుగా, కింద సన్నగా గరాటులా ఉంటే అది మూన్ స్నెయిల్ వేసింది. ఆయిస్టర్లను తొలిచే మరో జాతి నత్త వేసిన బెజ్జానికి గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి. మేరీలాండ్ తన రాష్ట్ర శిలాజంగా 1984లో ప్రకటించుకున్న ఎక్ఫోరా అనే నత్తది ఈ రెండో వంశమే.

ఆ గ్రంథి గురించి చదువుతూ ఉలిక్కిపడ్డాం. అందులో పని చేసే ఎంజైముల్లో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ ఒకటి. మన కడుపులో ఆమ్లం తయారు కావడానికి తోడ్పడేది అదే. గ్లాకోమా రోగికి కంట్లో ఒత్తిడి తగ్గించడానికి మేము రాసిచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర అడ్డుకునేదీ దాన్నే. మెడికల్ కాలేజీలో బట్టీ పట్టి, పరీక్ష రాసి మరిచిపోయిన పేరు, కాకినాడ గుల్ల చుట్టం మీద బెజ్జం దగ్గర మళ్ళీ ఎదురైంది.

నత్త ఒక్కటే అయితే ఆ చిప్పలకు బతుకు సులువే. పీత ఉంది. అది చిప్పను గోళ్ళతో నలగ్గొడుతుంది, లేదా అంచు కొద్దికొద్దిగా విరుస్తూ లోపలికి దారి చేసుకుంటుంది. స్టార్ ఫిష్ ఉంది. అది తన చేతుల కింది వందల చిన్న పాదాలతో రెండు చిప్పలనూ పట్టి లాగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు సందు దొరికితే చాలు, తన కడుపునే బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి పంపి అక్కడే జీర్ణం చేసుకుంటుంది. ఒక్కో శత్రువుది ఒక్కో దారి కాబట్టి చిప్పలోని ఏర్పాట్లు కూడా ఒక్క తీరుగా లేవు. దళసరి గోడ నత్తకు పని రోజులు పెంచుతుంది, పీత గోరుకు లొంగదు. లోపలి అంచున రంపపు పళ్ళలాంటి నొక్కులు రెండు చిప్పలనూ పక్కకు జారకుండా పట్టి ఉంచుతాయి. చిప్పలను మూసే కండరంలో ఒక భాగం ఒకసారి బిగుసుకుంటే శక్తి ఎక్కువ ఖర్చు కాకుండానే గంటల తరబడి పట్టు వదలదు. మన చేతి కండరానికి అటువంటి వరం లేదు. సూట్‌కేసు పట్టుకుని ఎయిర్‌పోర్టు లైనులో నిలబడ్డ ప్రతివారికీ ఈ సంగతి తెలుసు.

ముళ్ళ చిప్పలూ ఉన్నాయి. వెచ్చని సముద్రాల్లో రాళ్ళకు అతుక్కుని పెరిగే స్పాండిలస్‌కు ఒళ్ళంతా ముళ్ళే. ఆ ముళ్ళు శత్రువును దూరంగా ఉంచడమే కాక, తమ మీద స్పంజిలూ నాచూ పెరగనిచ్చి చిప్పకు ముసుగు కప్పుతాయి. దీనికి పూర్తిగా విరుద్ధం, మన చెసపీక్‌లో దొరికే సాఫ్ట్ షెల్ క్లామ్. దాని చిప్ప పలచన, సరిగా మూసుకోదు కూడా. అయితేనేం, అడుగు లోతు దాకా బురదలో దిగి, పొడుగాటి గొట్టం పైకి పెట్టి ఊపిరి పీల్చుకుంటుంది. కోట కట్టలేనివాడు నేలమాళిగ తవ్వుకున్నట్టు. స్కాలప్ సంగతి ఇంకా వింత. చిప్పలు టపటపా కొట్టుకుంటూ నీళ్ళలో ఎగిరిపోతుంది.

ఇవన్నీ ఎలా వచ్చాయి? "దేవుడు ఎవరి రక్షణ వారికి ఇచ్చాడు" అన్నారు మా అత్తగారు. పక్కనే ఉన్న మా ఎనిమిదేళ్ళ వాడు "ఇవొలూషన్, అమ్మమ్మా" అన్నాడు, మరో దేవుడి పేరు చెప్పినట్టే. ఎలా అని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ ఎలా గురించి గట్టిగా ఆలోచించిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు ఖేరాత్ వెర్మై.

వెర్మై 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. పుట్టుకతో వచ్చిన గ్లాకోమా వల్ల మూడో ఏటికే చూపు పూర్తిగా పోయింది. 1955లో కుటుంబంతో అమెరికా వచ్చారు. న్యూజెర్సీలో బడి టీచరు ఫ్లోరిడా నుంచి తెచ్చి కిటికీలో పెట్టిన గవ్వలను తడిమి చూసిన రోజునుంచి ఆయన మనసు వాటి మీదే. యేల్‌లో పరిశోధనకు వెళ్తే, గుడ్డివాడు జీవశాస్త్రం ఎలా చేస్తాడని అక్కడి పెద్దాయన ఒకరు సందేహించి, మ్యూజియంలోకి తీసుకెళ్ళి చేతిలో గవ్వలు పెట్టారట. వెర్మై తడిమి పేర్లు చెప్పేశారు. 1971లో డాక్టరేటు తీసుకుని మన మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోనే చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. కళ్ళున్నవాళ్ళు గవ్వ రంగు చూస్తారు. ఆయన వేళ్ళకు తగిలింది గోడ మందం, అంచు బిగువు, పాత విరుగుళ్ళ గతుకులు. 1977లో రాసిన పేరుపొందిన వ్యాసంలోనూ, 1987లో వచ్చిన పుస్తకంలోనూ ఆయన చెప్పినది ఇది: డైనోసార్ల కాలంలో సముద్రాల్లో చిప్పలు పగలగొట్టే పీతలూ చేపలూ, తొలిచే నత్తలూ బలపడ్డాయి. దానితో పాటే చిప్పల బిగువూ, ఇసుకలో దిగే నేర్పూ పెరిగాయి. పైకి తేలి బతికే చాలా జాతులు వెనకబడ్డాయి.

ఇంతవరకు వింటే ఆయుధాల పోటీలాగే ఉంటుంది, కొత్తేమీ లేదు. కానీ వెర్మై పట్టిచూపిన ఒక చిన్న విషయం మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. శత్రువు ప్రతి దెబ్బా ప్రాణం తీసేదైతే చిప్ప ఎన్నటికీ మెరుగు కాదు. ఎందుకంటే దళసరి చిప్పదీ చావే, పలచటి చిప్పదీ చావే. ఇద్దరికీ పిల్లలుండరు. దెబ్బ తప్పాలి. దెబ్బ తిన్నవాటిలో కొన్ని బతకాలి, బతికినవి కొంచెం దళసరివై ఉండాలి, ఆ దళసరితనం పిల్లలకు రావాలి. అప్పుడే తరం తర్వాత తరం చిప్ప మారుతుంది. కాబట్టి వెతకవలసింది చనిపోయినవాటి బెజ్జాలను కాదు, తప్పిపోయిన వేట్లను. సగం దాకా తొలిచి ఆగిపోయిన గుంట, విరిగి మళ్ళీ అతుక్కున్న అంచు. చిప్ప మీది పెరుగుదల గీతలు నునుపుగా వస్తూ వస్తూ ఒకచోట బీటలా వంకరపోయి, ఆపైన మళ్ళీ సాఫీగా సాగితే, అక్కడ ఒక పీత ఓడిపోయిందన్న మాట. ఎక్స్‌రేలో మానిన ఎముక విరుగుడు చూసినట్టే. రోగి మరిచిపోయినా ఎముక మరవదు.

ఇది చదివిన రాత్రి మాకు హౌస్ సర్జన్సీ రోజులనాటి టీబీ వార్డు గుర్తొచ్చింది. రిక్షా తొక్కే మనిషి ఒకడు, నలభై లోపే. రెండు నెలలు మందులు మింగి, దగ్గు తగ్గి, ఒళ్ళు కాస్త తేరుకోగానే మానేశాడు. కూలి పోతుందని. ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు, ఈసారి ఆ మందులకు లొంగని జబ్బుతో. "ఎందుకు మానేశావయ్యా" అని మేము వార్డంతా వినేలా తిట్టాం. కేసు షీటు మీద మందులు ఎగ్గొట్టినవాడని రాశాం. అతను ఏమీ అనలేదు. ఆ చలికాలంలోనే పోయాడు. క్రిమి మందుకు ఎలా అలవాటు పడుతుందో పుస్తకంలో చదువుకున్నాం గానీ, ఆ కథలో మా స్థానం ఏదో ఎప్పుడూ ఆలోచించలేదు. అందులో చిప్ప ఆ క్రిమి. సగం తొలిచి వదిలేసిన నత్త మేము. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చిన రోజుల్లో డాక్టర్లు చూసినదీ ఇదే: రోగి కోలుకున్నట్టే కోలుకుని, లొంగని క్రిములతో మళ్ళీ పడేవాడు. అందుకే తర్వాత రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చింది. ఆ రిక్షా మనిషికి ఆ రెండు నెలల తర్వాత కూలి డబ్బులు ఎవరైనా ఇచ్చి ఉంటే వేటు పూర్తయ్యేది. తిట్టడం తేలికైన పని గనక మేము అది చేశాం.

చిప్పల దగ్గరికే వద్దాం. ఇదంతా కోట్ల ఏళ్ళ వ్యవహారమేనా, కళ్ళముందు జరగదా అన్న అనుమానం రావచ్చు. జరిగింది. ఆసియా ఒడ్డుపీత అనేది 1988లో న్యూజెర్సీ తీరంలో మొదటిసారి కనబడి ఉత్తరానికి పాకింది. ఫ్రీమన్, బయర్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగంలో, ఆ పీత అప్పటికే చేరిన దక్షిణ న్యూ ఇంగ్లండ్ నుంచి కొన్ని, ఇంకా చేరని ఉత్తర మెయిన్ నుంచి కొన్ని నీలి మసెల్ చిప్పలను తెచ్చి పీతలున్న నీటిలో పెంచారు. పీత వాటిని తాకదు, వాసన మాత్రమే తగులుతుంది. దక్షిణాది చిప్పలు ఆ వాసనకే గోడ దళసరి చేసుకున్నాయి. ఉత్తరాదివి ఏమీ ఎరగనట్టు ఉండిపోయాయి. పాత శత్రువైన ఆకుపచ్చ పీత వాసనకు మాత్రం రెండూ స్పందించాయి. అంటే కొత్త శత్రువును గుర్తుపట్టడం సుమారు పదిహేనేళ్ళలో వచ్చింది. మనలో చాలామందికి ఈ దేశంలో స్నో టైర్లు ఎప్పుడు మార్చాలో తెలియడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

అయితే చిప్ప మీద కనిపించే ప్రతి గట్టునూ కవచం అనుకోవడం పొరపాటు. కొన్ని గట్లు ఇసుకలోకి దిగడానికి పట్టు ఇస్తాయి. కార్బులా అనే చిన్న చిప్ప గోడలో సున్నపు పొరల మధ్య తోలులాంటి పొర ఉంటుంది. నత్త ఆమ్లం అక్కడ ఆగిపోయిన సగం బెజ్జాలు ఎన్నో దొరికాయి. అది నత్త కోసమే పుట్టిందని కొందరు, నీటిలో సున్నం కరగకుండా పుట్టి తర్వాత నత్తకు అడ్డమైందని కొందరు. మాకు రెండోదే సబబుగా తోస్తుంది. పైగా సగం బెజ్జం ప్రతిదీ చిప్ప గెలుపు కాదు. అలకు బెదిరో, పీత కనబడో నత్త వదిలేసి పోయినవీ ఉంటాయి. నత్తకు చిప్పంటే భయం లేదు. దాని భయం పీతంటేనే.

కాల్వర్ట్ క్లిఫ్స్ చిప్పల మీద పాట్రీషియా కెల్లీ అనే శాస్త్రజ్ఞురాలు చేసిన పరిశీలనలో, నత్తలు ఎక్కువగా వేటాడిన జాతుల్లో కొన్ని, కాలం గడిచిన కొద్దీ దళసరి అయినట్టు తేలింది. ఈ సంగతి మా అత్తగారికి చెబితే ఆవిడ లోపలికి వెళ్ళి, తాను ఏరి తెచ్చిన సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించారు. మేము భూతద్దం తెచ్చాం. పూర్తి బెజ్జం ఉన్నవి ఒకవైపు, అసలు లేనివి ఒకవైపు పెట్టుకుంటూ పోయాం. కాఫీ చల్లారిపోయింది. చిట్టచివర ఒక చిప్ప మిగిలింది. గరాటులాంటి గుంట, అడుగు మూసి ఉంది. లోపలివైపు వేలు పెడితే నునుపుగా తగిలింది.

ఆవిడ దాన్ని దీపానికి అడ్డం పెట్టి చూసి, "ఇది గుచ్చడానికి పనికిరాదు బాబూ" అని పక్కన పెట్టారు. ఊరు వెళ్ళేటప్పుడు మాత్రం పెట్టెలో అదొక్కటే సర్దుకున్నారు.